ఈ వారం ఏ షిఫ్టు?

కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు కంపెనీ ప్రధాన ఆసుపత్రికి వచ్చే ఉద్యోగి బీపీ గోలీల కోసం జేబులో చెయ్యి పెట్టాల్సిన పని లేదు. అతనికీ, అతని మీద ఆధారపడిన ఇంటివాళ్లకూ వైద్యం కంపెనీదే. మన దేశంలో ఎంతోమంది మందు మానేసేది డబ్బుల్లేక. ఇక్కడ ఆ అడ్డంకి లేదు. అయినా ఉచితంగా తెచ్చుకున్న గోలీలు కొన్ని ఇళ్లల్లో అల్మారాలోనే మిగిలిపోతాయి. ఎందుకు?

నిర్లక్ష్యం అనేస్తాం. ఆ మాట అన్నాక ఇక అడగడానికేమీ ఉండదు. రోగి చీవాట్లు తిని వెళ్తాడు, మందు మాత్రం వేసుకోడు. ఇది ఒక్క బొగ్గుబావుల ఊళ్ల సంగతే కాదు. దీర్ఘకాలం మందులు వాడాల్సిన జబ్బుల్లో సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది మాత్రమే చెప్పినట్టు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తేల్చింది. సగం మంది చేస్తున్న పనికి నిర్లక్ష్యమనే పేరు పెట్టి ఊరుకోలేం, కారణం వెతకాలి.

ఆ వెతుకులాట 1950లలో అమెరికాలో మొదలైంది. అక్కడి ప్రజారోగ్య శాఖ క్షయను ముందే పట్టుకోవడానికి ఛాతీ ఎక్స్‌రే యంత్రాలను బండ్లలో పెట్టి జనం ఉండే చోటికే పంపింది. పైసా ఖర్చు లేదు, దూరం వెళ్లనక్కర్లేదు. అయినా చాలామంది రాలేదు. గాడ్‌ఫ్రే హాక్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు నగరాల్లో 1,200కు పైగా మందిని కలిసి మాట్లాడాడు. తనకు క్షయ రావచ్చని, ముందే తెలిస్తే మేలని రెండూ నమ్మినవాళ్లలో 82 శాతం మంది ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో 21 శాతమే. దీని నుంచే ‘హెల్త్ బిలీఫ్ మోడల్’ అనే సిద్ధాంతం పుట్టింది. మనిషి తన ఆరోగ్యం కోసం ఏదైనా చేసేముందు లోలోపల కొన్ని లెక్కలు వేసుకుంటాడని అది చెబుతుంది. ఈ జబ్బు నాకు వస్తుందా? వస్తే ఎంత ముప్పు? చెప్పింది చేస్తే ఏం లాభం? చేయడానికి ఏం అడ్డం? ఇప్పుడే చెయ్యమని నన్ను కదిపేదేమిటి? ‘ఇది నావల్ల అవుతుందా’ అన్న ప్రశ్న తర్వాత 1988లో చేరింది. ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన ఆత్మసామర్థ్య భావన దానికి మూలం.

ఈ లెక్కలను గనిలో దిగే మనిషికి అన్వయించి చూద్దాం. బీపీకి నొప్పి ఉండదు. బరువు ఎత్తుతున్నాడు, బాగా తింటున్నాడు, మరి జబ్బు ఎక్కడుంది? ‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట’ అని తోటివాళ్లు అంటారు. అది అతనికి లాభంలా వినిపించదు, శిక్షలా వినిపిస్తుంది. దానికి తోడు గని కార్మికుడికి నిర్ణీత కాలానికోసారి పీఎంఈ, అంటే వైద్య పరీక్ష తప్పనిసరి. బీపీ, షుగరు బయటపడితే అన్‌ఫిట్ అంటారేమో, భూగర్భం పని నుంచి తప్పిస్తారేమో అన్న బెంగ ఉన్న మనిషి జబ్బును నయం చేసుకోవడం కన్నా దాచుకోవడం మేలనుకుంటాడు. అతని వైపు నుంచి చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు. ‘గోలీ వేసుకో’ అని పదిసార్లు చెప్పినా ఆ బెంగ పోదు. గోలీ రోజూ వేసుకుంటేనే పరీక్ష నాటికి బీపీ అదుపులో ఉంటుందని, ముందురోజు వేసుకుంటే చాలదని ఎవరో ఒకరు నిదానంగా చెప్పాలి.

ఆ ఎవరో ఒకరు ఫార్మసిస్టు ఎందుకు కాకూడదు? డాక్టరును రోగి అప్పుడప్పుడే కలుస్తాడు. మందుల కిటికీ దగ్గరికి మాత్రం నెలనెలా వస్తాడు. పైగా నెల గోలీలు నెలన్నరైనా అయిపోకపోతే ఆ సంగతి మొదట తెలిసేది ఫార్మసిస్టుకే.

గోలీల కవరు మీద రాసే ‘1-0-1’ మనందరికీ తెలుసు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. పగలు పనిచేసి రాత్రి పడుకునే మనిషికి రాసిన లెక్క అది. పద్మావతి ఖనిలో నైట్ షిఫ్టు చేసేవాడికి రాత్రంటే పని, పొద్దునంటే నిద్ర. షుగరుకు గ్లిమెపిరైడ్ వాడుతున్నాడనుకుందాం. అది కడుపులో తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. అందుకే దాన్ని ఆ రోజు తినే మొదటి ముఖ్యమైన భోజనంతో వేసుకోమంటారు. షిఫ్టు దిగి వచ్చినవాడు చాయ్ తాగి, కవరు మీద ఉన్నట్టే ‘పొద్దున’ గోలీ వేసుకుని పడుకున్నాడు. నిద్రలో షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడతో లేస్తాడు. ఇక ఆ ఇంట్లో తీర్పు అయిపోతుంది: ‘ఈ గోలీ నాకు పడలేదు.’ మానేస్తాడు. అతను చేసిన పొరపాటేమీ లేదు, రాసింది రాసినట్టు పాటించాడు.

బీపీకి ఇచ్చే మందుల్లో మూత్రం ఎక్కువ తెప్పించే రకం ఒకటుంది. గంటల తరబడి భూగర్భంలో ఉండాల్సినవాడు డ్యూటీ రోజుల్లో దాన్ని మానేస్తాడంటే ఆశ్చర్యమేముంది? ఎప్పుడు వేసుకుంటే ఇబ్బంది లేదో డాక్టరుతో మాట్లాడి సర్దవచ్చు. కానీ అడిగితేనే కదా తెలిసేది. అందుకే కొత్తగూడెంలోనైనా గోదావరిఖనిలోనైనా మందులిచ్చే మనిషి నోటి నుంచి మొదట రావాల్సిన ప్రశ్న ‘ఈ వారం ఏ షిఫ్టు?’ అని నా గట్టి నమ్మకం. మోతాదు మార్చే అధికారం ఫార్మసిస్టుది కాదు. ఇబ్బందిని కనిపెట్టి డాక్టరుకు చేరవేయడం మాత్రం పూర్తిగా ఫార్మసిస్టు పనే.

అడగడంలోనూ ఒక పద్ధతుంది. ‘గోలీలు సరిగ్గా వేసుకుంటున్నావా?’ అంటే ఎవరైనా అవుననే అంటారు. ‘నైట్ డ్యూటీ ఉన్నప్పుడు చాలామందికి గోలీ తప్పుతుంది అన్నా, పోయిన వారం నీకెన్ని తప్పినయ్?’ అంటే నిజం చెప్పడానికి సిగ్గుండదు. చివర్లో ‘ఇంటికి పోయినంక ఎప్పుడెప్పుడు ఏసుకుంటవో ఒకసారి చెప్పు’ అని అతని చేతే చెప్పించాలి. తన నోటితో చెప్పినవాడికి తనవల్ల అవుతుందన్న ధైర్యం వస్తుంది. బందూరా చెప్పిన ఆత్మసామర్థ్యానికి ఆచరణ ఇదే.

కొత్తగూడెం జిల్లాలోనే ఇంకో అంచుకు వెళ్దాం. చర్ల, దుమ్ముగూడెం వైపు అటవీ గ్రామాల్లో మలేరియా పాత బాధ. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తారు. మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, మనిషి పోడు పనికి వెళ్లిపోతాడు. జ్వరమే లేనప్పుడు పదకొండు రోజులు ఇంకా గోలీలెందుకు? అతనికి లాభం కనిపించడం ఆగిపోయింది. రక్తంలోని క్రిమి చచ్చినా కాలేయంలో మరికొన్ని దాక్కుని ఉంటాయని, వారాలో నెలలో గడిచాక అవే మళ్లీ జ్వరం తెస్తాయని, మిగతా గోలీలు వాటి కోసమని తెలిస్తే లెక్క మారుతుంది. ఆ మాట కోయ కుటుంబాలకు కోయ భాషలో చెప్పగలిగితే ఇంకా మేలు. మూత్రం నల్లబడితే వెంటనే గోలీ ఆపి ఆసుపత్రికి రమ్మని కూడా అప్పుడే చెప్పాలి, ఎందుకంటే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ ప్రమాదం.

ఇంకో సిద్ధాంతం గురించి క్లుప్తంగా. పొగతాగడం మానుకున్నవాళ్లను గమనించి ప్రొచాస్కా, డిక్లెమెంటే 1983లో ఒక విషయం చెప్పారు. మార్పు ఒక్కరోజులో రాదు, ఆలోచనే లేని దశ నుంచి ఆలోచన, ఆచరణ, నిలుపుకోవడం దాకా మెట్లున్నాయి. బొగ్గుబావిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లకూడదు కాబట్టి నోట్లో తంబాకు పెట్టుకునేవాళ్లుంటారు. మానే ఆలోచనే లేనివాడికి ‘రేపటి నుంచి బంద్’ అంటే కోపం వస్తుంది. మానాలనుకుంటున్నవాడికి క్యాన్సర్ బొమ్మ చూపించి ప్రయోజనం లేదు, అతనికి కావాల్సింది మానే తేదీ, తోడు. ఈ మెట్ల లెక్కను తప్పుపట్టిన పరిశోధకులూ ఉన్నారు. కానీ ఎదుటివాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి మాట్లాడమనే సలహా మాత్రం నిలిచింది.

ఇదంతా ఫార్మసిస్టు పని ఎప్పటి నుంచి అయింది? మన ఫార్మసీ చట్టం 1948 నాటిది. చీటీ మీది మందును రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలన్నది అందులోని నియమం. అప్పట్లో పని మందు కలపడం, ఇవ్వడం. పల్లెల్లో ఇప్పటికీ కాంపౌండరనే పిలుపు అందుకే మిగిలింది. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే అమెరికా ఆచార్యులు ఫార్మసిస్టు బాధ్యత మందు చేతికివ్వడంతో తీరదని, ఆ మందుతో రోగికి మేలు జరిగిందా అన్నదాకా ఉంటుందని వాదించారు. మన దగ్గర 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు వచ్చింది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి సలహా చెప్పడాన్ని ఫార్మసిస్టు విధిగా రాశాయి. కాగితం మీద అంతా ఉంది. కిటికీ దగ్గర వెనుక ముప్పై మంది నిలబడి ఉంటే ఎవరితోనైనా ఐదు నిమిషాలు మాట్లాడేదెలా? ఫార్మసిస్టులను తప్పుపట్టేముందు దీనికి జవాబు చెప్పాలి.

అమెరికాలోని యాష్‌విల్ నగరం 1996లో ఒక జవాబు వెతికింది. ఆ నగరపాలిక తన ఉద్యోగుల వైద్య ఖర్చును తానే భరించేది. షుగరున్న ఉద్యోగులు శిక్షణ పొందిన ఫార్మసిస్టును క్రమం తప్పకుండా కలిసేలా ఏర్పాటు చేసింది, ఆ సమయానికి ఫార్మసిస్టుకు విడిగా ఫీజు ఇచ్చింది, వచ్చే ఉద్యోగికి మందుల మీద పడే వాటా మాఫీ చేసింది. షుగరు అదుపు మెరుగైంది, జబ్బు సెలవులూ తగ్గాయి. చేరినవాళ్లు ఇష్టపడి చేరినవాళ్లే కాబట్టి ఆ ఫలితాలను కొంత జాగ్రత్తగానే చదవాలి. కానీ ఫార్మసిస్టు మాట్లాడే సమయానికి కూడా విలువ కట్టిన తీరు మనకు పనికొచ్చేది.

సింగరేణి అంతకన్నా అనువైన స్థితిలో ఉంది. ఇక్కడ యజమానిదే ఆసుపత్రి, మందుల స్టోరూ యజమానిదే, ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో చెప్పే మస్టరు కూడా యజమాని దగ్గరే ఉంది. బీపీ, షుగరు గోలీలు నెలనెలా తీసుకునేవాళ్లకు ఒక విడి కిటికీ, అక్కడ కూర్చోడానికి రెండు కుర్చీలు, చెప్పింది పీఎంఈ దాకా పోదన్న లిఖిత హామీ, 1-0-1కు బదులు ‘తిండికి ముందు’, ‘పనికి వెళ్లేముందు’, ‘పడుకునేముందు’ అని అచ్చువేసిన కవర్లు: వీటితో ఒక్క ఏరియాలో మొదలుపెట్టవచ్చు. రెండో నెలలో గోలీలకు రానివాళ్ల జాబితా తీసి, ఫోన్ చేసి కారణం అడగడం ఆ తర్వాతి పని.