కంప్యూటరు ఖాళీగానే ఉంది, మరి వెబ్‌సైటు ఎందుకు ఆగింది?

హాస్టలు గదుల దరఖాస్తుల వెబ్‌సైటును మేం ముగ్గురు విద్యార్థులమే రాశాం. ముందు వచ్చినవారికి ముందు గది అన్నది నిబంధన. తెరిచిన సాయంత్రం ఆరు గంటలకు అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. కాసేపటికే పేజీ రావడం మానేసింది. మా క్లాసు మిత్రుడొకడు ఊళ్లో ఫోను పట్టుకుని ఎనిమిదింటిదాకా నొక్కుతూనే ఉన్నాడట. ఈలోగా గదులు అయిపోయాయి. అందుచేత ఈ వ్యాసం కొంతవరకు సంజాయిషీ కూడా.

వివరాలు దాచుకునే చోటు డేటాబేస్. మాది పోస్ట్‌గ్రెస్. ప్రోగ్రాము దానితో మాట్లాడాలంటే కనెక్షన్ కావాలి. ఒక్కొక్క కనెక్షన్‌కు పోస్ట్‌గ్రెస్ ఒక ప్రాసెస్ నడుపుతుంది గనుక ప్రతిసారీ కొత్తది తెరవడం దండగ. తెరిచినవాటినే దగ్గరుంచుకుని, వచ్చినవాడికి ఒకటిచ్చి, పని కాగానే వెనక్కి తీసుకోవాలి. దీన్నే పూల్ అంటారు. మా ఊళ్లో కాలువ నీళ్లకు వంతులు పెట్టుకున్నట్టన్నమాట. మేం వాడిన పైథాన్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో, మనం మార్చకపోతే, పూల్ 5, రద్దీలో అదనంగా 10, వెరసి 15. పదహారోవాడు 30 సెకన్లు కాచుకున్నా ఏదీ ఖాళీ కాకపోతే వెనక్కి పోవలసిందే.

ఈ సంగతి మాకప్పుడు తట్టలేదు. సర్వరు చాలలేదనుకున్నాం. చూస్తే ప్రాసెసరు దాదాపు ఖాళీ! పోస్ట్‌గ్రెస్ ఒప్పుకునే కనెక్షన్ల పరిమితి మామూలుగా 100. దాన్ని 300 చేశాం. ఏం లాభం? అడ్డం పడింది పూల్ దగ్గరైతే డేటాబేస్ గేటు వెడల్పు చేసి ఏం చేస్తాం! తెలివితక్కువ పని, ఒప్పుకుంటాను.

ఆ రాత్రి పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ స్టాట్ యాక్టివిటీ అనే పట్టిక చూశాం. ఏ కనెక్షన్ ఏ స్థితిలో ఉందో, ఎప్పటినుంచి ఉందో అందులో ఉంటుంది. మావి 15 ఉన్నాయి. ‘యాక్టివ్’ అన్నది ఒక్కటీ లేదు. అన్నీ ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’. అంటే లావాదేవీ మొదలుపెట్టి, ముగించకుండా, ఊరికే పట్టుక్కూచున్నాయి. దేనికోసం? దరఖాస్తు రాసిన వెంటనే మా ప్రోగ్రాము ఈమెయిలు పంపి, అది వెళ్లేదాకా కనెక్షన్ వదలడంలేదు. ఆ వంకన సుమారు 3 సెకన్లు.

ఇక లెక్క చిన్నది. 15 కనెక్షన్లు, మనిషికి 3 సెకన్లు: సెకనుకు అయిదుగురే. ఎనిమిది మంది వస్తుంటే సెకనుకు ముగ్గురు మిగిలిపోతారు. 50 సెకన్లకు వరస 150కి చేరుతుంది, అంటే 30 సెకన్ల నిరీక్షణ. అక్కణ్ణుంచి తిరస్కారాలే. డేటాబేస్ పని నిజానికి 20 మిల్లీసెకన్లు. అంతే పట్టుకుంటే అవే 15 కనెక్షన్లు లెక్క ప్రకారం సెకనుకు 750 మందికి చాలును.

లావాదేవీ ముగించి, కనెక్షన్ ఇచ్చేసి, ఆ తర్వాత ఈమెయిలు పంపేట్టు రెండు వరసలు అటూఇటూ మార్చాం. పూల్ పెంచలేదు. పెంచితే జబ్బు దాగేది.

మర్నాడు ఇంకోటి దొరికింది. ఫొటో సరిగ్గా లేని దరఖాస్తు వచ్చినప్పుడల్లా ఒక కనెక్షన్ తిరిగి రావడంలేదు. ఇది రద్దీతో నిమిత్తం లేకుండా రోజుకొకటి చొప్పున పోతుంటుంది గనుక పట్టుకోవడం మరీ కష్టం. తప్పు జరిగిన దారిలోనూ కనెక్షన్ మూసేలా రాశాం.

రెండో విడత దరఖాస్తుల నాడు ముగ్గురం ఆ పట్టిక ముందే కూర్చున్నాం. వాడకంలో ఉన్నవి నాలుగు దాటలేదు. మిత్రుడికి గది వచ్చింది, కాని అప్పటికి రెండు నెలలు బస్సులో తిరిగాడు.