మీకు తెలుసా? బొమ్మా బొరుసుతో తేలిన జీతం

ఫార్ములా వన్ దిగ్గజం అయర్టన్ సెన్నా జీతాన్ని ఒకసారి నాణెం ఎగరేసి తేల్చారు! 1988 సీజన్ నుంచి మెక్‌లారెన్ జట్టుకు కారు నడపడానికి బేరం సాగుతోంది. సెన్నా అడిగినదానికీ, జట్టు అధిపతి రాన్ డెన్నిస్ ఇస్తానన్నదానికీ తేడా 5 లక్షల డాలర్లు. ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి బొమ్మా బొరుసా వేద్దామనుకున్నారు. ఆ పద్ధతి సెన్నాకు తెలియకపోవడంతో కాగితం మీద గీసి మరీ వివరించాల్సి వచ్చిందట. నాణెం దొర్లుకుంటూ కర్టెన్ కిందికి పోయింది. గెలుపు డెన్నిస్‌ది. ఒప్పందం మూడేళ్లది కాబట్టి, సెన్నా నిజంగా వదులుకున్నది 15 లక్షల డాలర్లు! ఆ లెక్క ఇద్దరికీ తర్వాతే తట్టిందని డెన్నిస్ చెప్పాడు.

1992 చివర్లో ఇంజిన్లు ఇస్తున్న హోండా తప్పుకోవడంతో మెక్‌లారెన్ కారుపై సెన్నాకు గురి తగ్గింది. అందుకే 1993లో రేసుకు 10 లక్షల డాలర్ల చొప్పున ఏ రేసుకు ఆ రేసే మాట్లాడుకున్నాడు. అయినా ఆ ఏడాది 5 రేసులు గెలిచాడు.

అంతకుముందు, 1982లో రిటైర్మెంట్ వదిలి తిరిగొచ్చిన డ్రైవర్ నికీ లాడా జీతం గురించి చేసిన వాదన మరీ ముచ్చటైనది: కారు నడిపినందుకు ఒక్క డాలరే, మిగతా లక్షలన్నీ తన పేరు తెచ్చే ప్రచారానికట.

ఇక 2012, 2013లో లోటస్ జట్టుకు నడిపిన కిమీ రైకోనెన్‌కు పాయింట్లను బట్టి బోనస్. అతను పాయింట్లు కుప్పపోశాడు, జట్టేమో అతనికి జీతం బకాయి పడింది.