కొత్త మోడలు దిగితే పాత బండి బేరం తారుమారు
థార్, స్కార్పియో, ఆర్‌ఎక్స్ 100లకు మూడు రకాల అనుభవం

ప్రొద్దుటూరు: పశువుల సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూస్తాడు, నడక చూస్తాడు, సుళ్ళు చూస్తాడు. ఫలానా కంపెనీ వచ్చే నెలలో కొత్త రకం ఎద్దును దించుతుందట, అప్పటిదాకా ఆగుదామని ఎవరూ బేరం వదులుకొని పోరు. కారుకు, మోటారు సైకిలుకు ఈ అదృష్టం లేదు. ఇంట్లో నీడపట్టున నిలబెట్టిన బండి ఒక్క మైలు తిరగకపోయినా, ఎక్కడో పెద్ద పట్నంలో కొత్త మోడలు మీద కప్పిన గుడ్డ తీసిన రోజున దాని ధర మారిపోతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఇది చిన్న సంగతి కాదు. పంట చేతికొచ్చిన ఏడు బండి కొనడం, రాని ఏడు దానిని అమ్మి అప్పు తీర్చడం చాలా కుటుంబాలకు అనుభవమే. పులివెందుల పక్క చీనీ తోటకు కొత్త బోరు వేయాలన్నా, జమ్మలమడుగు పక్క నల్లరేగడిలో పప్పుశనగ దెబ్బతిన్నా, ముందుగా బేరానికి వచ్చేది వాకిట్లోని బండే. ఆ బేరంలో యాభై వేలు తగ్గిందంటే బోరు లోతు ఆ మేరకు తగ్గినట్టే.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు ప్రసిద్ధి. అక్కడ పాత నగ అమ్మితే తరుగు, మజూరి పోయినా తూకం మిగులుతుంది. కొత్త నమూనా హారం వచ్చిందని పాత హారంలోని బంగారం బరువు తగ్గదు. బండికి అటువంటి తూకం పాత ఇనుము కొనేవాని త్రాసులో తప్ప మరెక్కడా లేదు. మిగతా ధరంతా కొనేవాని కోరికను బట్టి వచ్చేదే. కొత్త మోడలు వచ్చి తాకేది సరిగ్గా ఆ కోరికనే.

అయితే కొత్తది రాగానే పాతదాని ధర పడిపోతుందన్న మాట సగమే నిజం. పాత బండి చేసే పనినే కొత్తది ఇంకా బాగా చేస్తే పాతదానికి గిరాకీ పోతుంది. జనం ఇష్టపడిన గుణమేదో కొత్తదానిలో లేకపోతే మాత్రం పాతదాని ధర నిలబడుతుంది. ఒక్కొక్కప్పుడు పెరుగుతుంది కూడా.

ఇందుకు నిదర్శనం మన ఊళ్ళలోనే ఉంది. 1985లో దేశంలోకి రెండు నూరు సీసీ మోటారు సైకిళ్ళు వచ్చాయి. ఒకటి హీరో హోండా సీడీ 100, రెండవది ఎస్కార్ట్స్ వారి యమహా ఆర్‌ఎక్స్ 100. మొదటిది పెట్రోలు పొదుపుకు, రెండవది పరుగుకు పేరు తెచ్చుకున్నాయి. 1994లో స్ప్లెండర్ వచ్చింది. సీడీ 100 చేసే పనంతా అదీ చేసింది, పైగా చూడ ముచ్చటగా ఉంది. నేడు పాత సీడీ 100ను వెతుక్కుంటూ వచ్చేవారు అరుదు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. తర్వాత వచ్చిన బండ్లలో అంతకంటే వేగంగా పోయేవి లేకపోలేదు. కాని పొగ నిబంధనలు బిగిసిన కొద్దీ టూ స్ట్రోకు మోటారు సైకిళ్ళు కనుమరుగయ్యాయి. ఆ ఇంజను దూకుడు, ఆ మోత మళ్ళీ రాలేదు. ఫలితంగా, బాగుచేయించి నిగనిగలాడే ఆర్‌ఎక్స్ 100కు నేడు కొన్ననాటి ధరకు ఎన్నో రెట్లు పలుకుతున్నది. ఒకే ఏడు పుట్టిన రెండు బండ్లలో ఒకటి ఇనుము పాలైతే, మరొకటి ఆస్తి అయింది.

ఇదే వింత జర్మనీలో కోట్ల ఖరీదు చేసే స్పోర్ట్స్ కారుకూ జరిగింది. పోర్షే కంపెనీ 911 అనే కారును 1963లో లోకానికి చూపింది. దాని ఇంజను నీటితో కాక గాలితో చల్లబడేది. 1997లో కంపెనీ అదే పేరుతో నీటితో చల్లబడే ఇంజను గల కొత్త మోడలు తెచ్చింది. అన్ని విధాలా మెరుగైన కారు వచ్చింది కనుక పాతది చౌక కావలసింది. కాని అభిమానులు కొత్తదాని ఇంజనునూ ఒప్పుకోలేదు, దీపాల ఆకారాన్నీ మెచ్చలేదు. చాలా ఏండ్లు సెకండ్‌హ్యాండు బజారులో అందరికంటే తక్కువకు దొరికే 911 ఆ కొత్త మోడలే అయింది. దానికి ముందరి చివరి గాలి ఇంజను కార్లు దానిని మించిన ధరకు ఎగబాకాయి.

మన దగ్గర అటువంటి కార్లు లేవు. ఇప్పటి కుర్రకారు మనసు మహీంద్రా థార్ మీద ఉంది. ఈ బండి కథలో కొత్త మోడలు దెబ్బ కొట్టడమూ ఉంది, మేలు చేయడమూ ఉంది. 2020 అక్టోబరు 2న కొత్త థార్ విడుదలైంది. డబ్బు కట్టినవారు నెలల తరబడి కాచుకోవలసి వచ్చింది. ఆ తర్వాతి ఏడు ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత తోడైంది. అమెరికాలో పాత కార్ల ధరలు 2021 జూన్ నాటికి ఒక్క ఏడాదిలో 45 శాతం పెరిగాయంటే ఆ కొరత ఎంతటిదో ఊహించవచ్చు. కొత్త బండి చేతికి రావడం ఆలస్యమైతే, కొద్దిగా తిరిగిన బండి ఇంచుమించు కొత్తదాని ధరకే పోతుంది. అప్పట్లో థార్ అమ్ముకున్నవారు నష్టపోలేదు.

2024 ఆగస్టు 15న ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. అక్టోబరు 3న బుకింగు తెరిచిన గంటలో 1,76,000 పైచిలుకు బుక్ అయ్యాయి. వెనుక సీటులోకి వంగి దూరలేక ఇంట్లోవాళ్ళతో మాటపడిన వారంతా అటు చూశారు. మూడు తలుపుల కొత్త థార్‌పైనే డీలర్లు రాయితీ ఇవ్వవలసి వచ్చింది. కొత్తదానికే రాయితీ ఇస్తుంటే పాతదాని ధర నిలబడుతుందా? ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. కొత్త మోడలు కొనే ప్రతివాడూ తన పాత బండిని ఎక్స్‌ఛేంజికి ఇస్తాడు. అలా ఒకే రకం బండ్లు ఒకేసారి బజారుకు వస్తాయి. కొనేవారు తగ్గడం ఒక ఎత్తు, అమ్మేవారు పెరగడం మరో ఎత్తు. అందుకే దెబ్బ విడుదల నాడే కాక, కొత్త బండ్లు చేతికందడం మొదలైన తర్వాత ఇంకా గట్టిగా తగులుతుంది.

స్కార్పియో తీరు వేరు. 2002లో వచ్చిన ఈ బండికి రాయలసీమలో ఉన్న హోదా వేరే చెప్పనక్కరలేదు. 2022 జూన్‌లో స్కార్పియో ఎన్ వచ్చినప్పుడు కంపెనీ పాతదానిని ఆపలేదు, ‘క్లాసిక్’ అని పేరు మార్చి ఆగస్టులో మళ్ళీ దించింది. పాత ఆకారం షోరూములో ఉన్నంతకాలం విడిభాగాలకు కొదవ ఉండదు, బండి పాతబడ్డట్టూ కనిపించదు. 2000 నుంచి పెద్ద మార్పు లేకుండా వస్తున్న బొలెరోకు పల్లెల్లో గిరాకీ తగ్గకపోవడానికీ కారణం ఇదే.

మోడలు మారకుండానే ధర మారిన సందర్భం 2025లో వచ్చింది. జీఎస్టీ తగ్గిస్తామన్న మాట ఆగస్టు 15న వెలువడింది, తగ్గింపు సెప్టెంబరు 22న అమలైంది. చిన్న పెట్రోలు కార్లపై పన్ను 29 శాతం నుంచి 18కి దిగింది. పన్నుకు ముందు అయిదు లక్షలుండే కారు 6,45,000 నుంచి 5,90,000కు వచ్చిందన్నమాట. అంటే పాత కారు యజమానికి ఏ తప్పూ చేయకుండానే బేరంలో దాదాపు ఆ తేడా ఎదురైంది. ట్రాక్టర్లపై పన్ను 12 నుంచి 5కు తగ్గడంతో పాత ట్రాక్టరు అమ్మదలచిన వారికీ ఇదే ఇబ్బంది. విచిత్రమేమిటంటే అదే రోజున 350 సీసీ దాటిన మోటారు సైకిళ్ళపై పన్ను 31 నుంచి 40కి పెరిగింది. పాత 650 సీసీ మోటారు సైకిలు ఉన్నవానికి అది కలిసొచ్చింది.

చాలామంది గమనించనిది బీమా కాగితం. ‘ఐడీవీ’ అని అందులో ఉండే అంకె, బండి దొంగల పాలైనా పూర్తిగా ధ్వంసమైనా చేతికొచ్చే సొమ్ముకు ఆధారం. దానిని లెక్క కట్టేది కొన్ననాటి ధర మీద కాదు, పాలసీ మొదలైన నాటి కంపెనీ ధర మీద. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు బండికి 40 శాతం తరుగు తీస్తారు. కంపెనీ ధర ఎనిమిది లక్షలైతే ఐడీవీ 4,80,000. ఆ ధర 7,30,000కు తగ్గితే ఐడీవీ 4,38,000 అవుతుంది. కంతులు మాత్రం పాత ధర మీదే నడుస్తుంటాయి. తయారీ ఆగిపోయిన మోడలుకు, అయిదేళ్ళు దాటిన బండికి ఈ అంకెను యజమాని, బీమా కంపెనీ మాట్లాడుకొని నిర్ణయించుకోవచ్చు. అడగనివారికి కంపెనీ వేసిన అంకే ఖాయమవుతుంది.

ఆర్‌ఎక్స్ 100 మీద మోజుపడేవారు చూడవలసింది కూడా కాగితాలే. 1996లో తయారీ ఆగింది కనుక ఆ బండ్లన్నీ పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటేశాయి. ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి రవాణా కార్యాలయంలో పరీక్ష చేయించి గడువు పొడిగించుకోవాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోని బండికి ఆ పొడిగింపు దొరకదు. రంగు ఎంత మెరిసినా అటువంటి బండిని రోడ్డెక్కించే వీలు లేదు.