మనోవ్యాకులతకు మూలిక: పెన్నేరుగడ్డ

దేహమునకు జ్వరము వచ్చినచో ఇంటిల్లిపాదియు మంచము చుట్టును చేరుదురు. మనస్సునకు దిగులు పట్టినచో పలుకరించువారుండరు. పంట యెండునేమో, అప్పు తీరదేమో, పట్టణమందలి కుమారునికేమైనదో యను చింతతో తెల్లవార్లు కన్ను మూయనివారు ప్రతి గ్రామమునను కలరు. అట్టివారు సంతలో కొన్న చూర్ణమును పాలలో కలుపుకొని త్రాగుట మన మెఱిగినదే. ఆ చూర్ణములలో మిక్కిలి పేరు పొందినది అశ్వగంధ. దీనినే మనవారు పెన్నేరుగడ్డ యందురు. ఇది యెంతవరకు పనిచేయును, ఎవరికి తగదు అను రెండు సంగతులను నేడు మనవి చేసెదను.

పెన్నేరు వంగ, ఉమ్మెత్తల కుటుంబమునకు చెందిన మొక్క. దాని యాకులమీద సన్నని నూగుండును. ఎఱ్ఱని చిన్న పండు పలుచని తొడుగులో దాగియుండును. పచ్చివేరు గుఱ్ఱపు వాసన కొట్టుటచే అశ్వగంధ యను పేరు వచ్చినదందురు. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ‘సోమ్నిఫెరా’ యను పేరునకు నిద్ర తెచ్చునది యని యర్థము. వానకాలమున విత్తినచో ఐదాఱు మాసములకు వేరు త్రవ్వుటకు వచ్చును. హబ్సిగూడనుండి ఉప్పల్ దాటి పోయినచో బోడుప్పల్ కలదు. లక్నో ప్రధానస్థానముగాగల కేంద్ర ఔషధ సుగంధ సస్య సంస్థవారి పరిశోధన కేంద్రము అచ్చట నున్నది. ‘పోషిత’ యను పెన్నేరు రకమును వెలువరించినది ఆ సంస్థయే.

పూర్వులు అనుభవముచే చెప్పినదానిని నేటివారు తూచి చూచిరి. హైదరాబాదునందలి ఆశా ఆస్పత్రిలో జరిగిన యొక పరీక్ష ఫలితములు 2012లో ప్రకటింపబడినవి. చిరకాలముగా మానసికపుటొత్తిడితో బాధపడు 64 మందిని రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు 300 మిల్లీగ్రాముల వేరుసారమును దినమునకు రెండు పర్యాయములును, రెండవ జట్టునకు అదే రూపముగల ఉత్తి గుళికను 60 దినములు ఇచ్చిరి. ఎవరికేది వచ్చినదో రోగియు ఎఱుగడు, వైద్యుడును ఎఱుగడు. నమ్మకమే సగము మందుగా పనిచేయును గనుక ఈ యేర్పాటు.

చింత కలిగినపుడు మూత్రపిండములపైనున్న గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము రక్తములో కలియును. ఆపదవేళ అది మేలే చేయును. రేయింబవళ్లు హెచ్చుగానే యున్నచో నిద్రను చెఱచును. మందు పుచ్చుకొన్నవారిలో అది నూటికి సుమారు 28 పాళ్లును, ఉత్తి గుళికవారిలో సుమారు 8 పాళ్లును తగ్గినది. ఇది శుభసూచనయే. కాని 64 మంది స్వల్పసంఖ్య, 60 దినములు స్వల్పకాలము. ఏండ్ల తరబడి వాడినచో ఏమగునో దీనివలన తేలదు. మఱియు సారము వేఱు, చూర్ణము వేఱు. ఆయుర్వేద ఔషధకోశము వేరుచూర్ణమునకు చెప్పిన మోతాదు 3 మొదలు 6 గ్రాములు. దానిని మీఱరాదు.

వాడదలచినవారు వేరునే వాడవలయును. ఆకును మందుల తయారీలో వాడవలదని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖవారు 2021లో తెలిపిరి. గర్భిణులు దీని జోలికి పోరాదు. ఇది థైరాయిడ్ రసమును పెంచవచ్చును. మధుమేహపు మాత్రలతోను, రక్తపుపోటు మాత్రలతోను కూడి చక్కెరను, పోటును మితిమీఱి దింపవచ్చును. నిద్రమాత్రలతో కూడిన మత్తు హెచ్చును. కావున అట్టి మందులు వాడువారు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. అరుదుగా కొందఱికి కాలేయము చెడి కామెర్లు వచ్చిన దృష్టాంతములును వైద్యపత్రికలలో కలవు. కన్నులు పచ్చబడినచో చూర్ణమును తక్షణమే మాని వైద్యుని చూడవలయును.

చెట్టునుండి వచ్చినంతమాత్రమున ఏ మందును నిరపాయము కాదు. ఇందుకు సర్పగంధయే సాక్షి. ఆ వేరును మనదేశమున ఉన్మాదమునకును, నిద్రలేమికిని అనాదిగా వాడుచుండిరి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని గుణములను వైద్యలోకమునకు వెల్లడించిరి. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు దానినుండి రిసర్పిన్ అను పదార్థమును వేఱుచేసిరి. అది పోటును దింపినది, ఉద్రేకమును అణచినది. కాని దానిని పుచ్చుకొన్న కొందఱు గాఢవిషాదములో మునిగిరని వైద్యులు వ్రాసిరి. దిగులు మాన్పవచ్చిన వేరే దిగులు తెచ్చినది! సర్పగంధను వైద్యుని చేతిమీదుగా తప్ప తీసికొనరాదు.

పెన్నేరు నిద్ర నిచ్చునేమో గాని అప్పు తీర్చదు, పగ చల్లార్చదు. చింతకు కారణమేమని అడిగి, కడదాక వినువారు కావలయును. పక్షము దినములు దాటినను నిద్ర పట్టక, అన్నము సహింపక యున్నవారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలయును. బ్రదుకుమీద ఆశ లేదని యెవరైన ఒక్కమాట యన్నచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే, రుసుము లేకుండ, ధైర్యము చెప్పి దారి చూపుదురు. గ్రామమున మీ మాట చెల్లును. దిగులుపడినవానిని పిచ్చివాడని పరిహసింపనీయక, మందు వలసినచోట మందును, మాట వలసినచోట మాటను అందునట్లు చేయుట మీవంటి పెద్దల చేతిలోని పని.