సాఫ్ట్‌బాల్ అంపైర్‌గా తొలి మ్యాచ్: క్రికెట్ అలవాట్లు ఇక్కడ పనికిరావు

పాఠశాలల ఆటల పోటీల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉంటుంది. జట్టుకు తొమ్మిది మంది ఆటగాళ్లు ఎలాగోలా దొరుకుతారు. దొరకనిది అంపైరే. చివరికి పీఈటీ సార్ ఏ సీనియర్ విద్యార్థినినో, పాత ఆటగాడినో పిలిచి "ఈ మ్యాచ్ నువ్వు చూడు" అంటారు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లోనూ ఇంతే. పిల్లల లీగ్‌లో మనిషి తక్కువైతే గ్యాలరీలో కూర్చున్న తండ్రి చేతికో, అన్న చేతికో మాస్క్ ఇస్తారు. చాలామంది అంపైరింగ్ ఇలాగే మొదలవుతుంది.

పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని మీద పడే బరువు చిన్నది కాదు. నాకౌట్ మ్యాచ్‌లో ఒక్క తప్పు అవుట్ ఇస్తే ఒక జట్టు ఇంటికి వెళ్లిపోతుంది. రాష్ట్ర పోటీల సెలక్షన్‌లో ఉండాల్సిన అమ్మాయి ఆ ఏడాదికి ఆగిపోవచ్చు. అందుకే ఆటగాళ్లు అంపైర్ దగ్గర కోరేది ఇన్సాఫ్ ఒక్కటే. ఆ ఇన్సాఫ్ చేయాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు. సరైన చోట నిలబడాలి, పూర్తిగా చూడాలి, ఒక క్షణం ఆగాలి, ఆ తర్వాతే చెప్పాలి. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన దాంట్లో సగం ఇదే.

క్రికెట్‌తో వచ్చే చిక్కు

మన పిల్లలు గల్లీ క్రికెట్‌తో పెరిగినవాళ్లు. అంపైర్ అనగానే కళ్ల ముందు కదిలేది క్రికెట్ అంపైరే. సాఫ్ట్‌బాల్‌లో ఆ అలవాట్లు కొన్ని అడ్డం పడతాయి.

మొదటిది అప్పీల్. క్రికెట్‌లో ఫీల్డర్లు అడగనిదే అంపైర్ అవుట్ ఇవ్వడు. సాఫ్ట్‌బాల్‌లో దాదాపు ప్రతి నిర్ణయం అంపైర్ తనంతట తానే చెప్పాలి. బంతి స్ట్రైకా, బాలా, ఫెయిరా, ఫౌలా, రన్నర్ సేఫా, అవుటా అన్నది ఎవరూ అడగకముందే చెప్పాలి. రన్నర్ బేస్ తొక్కకుండా వెళ్లిపోవడం, క్యాచ్ పట్టకముందే బేస్ వదలడం లాంటి కొన్నిటికి మాత్రమే ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేయాలి. అలాంటివి అంపైర్ కంట పడినా, వాళ్లు అడిగేదాకా నోరు మెదపకూడదు.

రెండోది నిలబడే చోటు. క్రికెట్ అంపైర్ బౌలర్ వైపు ఉంటాడు. సాఫ్ట్‌బాల్‌లో ప్లేట్ అంపైర్ క్యాచర్ వెనక నిలబడతాడు, బంతి తన మీదికే వస్తుంది. మహిళల ఫాస్ట్‌పిచ్‌లో పిచ్చర్ నుంచి హోమ్ ప్లేట్‌కు దూరం 43 అడుగులు, అంటే సుమారు 13 మీటర్లు. చేయి కింది నుంచి విసిరినా గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకను లోపే చేరిపోతుంది. కాబట్టి మాస్క్, గొంతు కాపు, ఛాతీ ప్యాడ్, కాళ్ల ప్యాడ్లు లేకుండా ప్లేట్ వెనక నిలబడకూడదు. ప్రాక్టీస్ మ్యాచ్ అయినా సరే.

మూడోది "బెనిఫిట్ ఆఫ్ డౌట్". అనుమానం ఉంటే బ్యాటర్‌కే అన్నది క్రికెట్‌లో పాత మాట. సాఫ్ట్‌బాల్‌లో అలాంటి రాయితీ ఏ జట్టుకూ లేదు. "టై అయితే రన్నర్ సేఫ్" అని గ్రౌండ్‌లో చాలామంది అంటుంటారు. నిజానికి అంపైర్ టై అని ప్రకటించడం ఉండదు. బంతి ముందొచ్చిందా, కాలు ముందొచ్చిందా అన్నది తేల్చి చెప్పాల్సిందే.

ప్లేట్ వెనక ఏం చూడాలి

ప్లేట్ అంపైర్ సరిగ్గా క్యాచర్ నడినెత్తి వెనక కాకుండా, బ్యాటర్‌కూ క్యాచర్‌కూ మధ్యనున్న సందులో నిలబడాలి. గడ్డం దాదాపు క్యాచర్ తల పైభాగానికి సమానంగా ఉంటే జోన్ అంతా కనిపిస్తుంది. ఇంకా కిందికి వంగితే బయటి వైపు తక్కువ ఎత్తులో వచ్చే బంతి క్యాచర్ చాటుకు పోతుంది.

ఫాస్ట్‌పిచ్‌లో స్ట్రైక్ జోన్ అంటే హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ చంకల నుంచి మోకాళ్ల పైభాగం వరకు ఉండే చోటు. బంతిలో కొంత భాగం ఆ జోన్‌ను తాకినా స్ట్రైకే. బ్యాటర్ పొట్టిదైతే జోన్ కూడా చిన్నదవుతుంది. బంతి ప్లేట్ దాటిన చోటే లెక్క, క్యాచర్ పట్టుకున్న చోటు కాదు. పట్టాక గ్లవ్‌ను లోపలికి లాగే క్యాచర్లు ఉంటారు, వాళ్లను చూసి మోసపోకూడదు.

తల కదపకుండా, పిచ్చర్ చేతి నుంచి గ్లవ్ దాకా కళ్లతోనే బంతి వెంట వెళ్లాలి. గ్లవ్‌లో పడ్డాక మనసులో "ఏం చూశాను?" అని అనుకునేంత సేపు ఆగాలి. అప్పుడు చెప్పాలి. స్ట్రైక్ అయితే గొంతెత్తి చెప్పి కుడి చేత్తో సైగ చేయాలి. బాల్ అయితే నోటితో చెబితే చాలు, చేయి కదపనక్కర్లేదు. లెక్క చెప్పేటప్పుడు ముందు బాల్స్, తర్వాత స్ట్రైక్స్. ఎడమ చేతి వేళ్లు బాల్స్‌కు, కుడి చేతి వేళ్లు స్ట్రైక్స్‌కు. లెక్క గుర్తు పెట్టుకోవడానికి చేతిలో ఇమిడే చిన్న ఇండికేటర్ దొరుకుతుంది, అది లేకుండా మ్యాచ్‌కు వెళ్లొద్దు.

జోన్ కాస్త పెద్దదైనా, చిన్నదైనా ఆటగాళ్లు సర్దుకుంటారు. మొదటి ఇన్నింగ్స్‌లో స్ట్రైక్ అన్న బంతినే ఏడో ఇన్నింగ్స్‌లో బాల్ అంటే మాత్రం ఎవరూ సర్దుకోలేరు. రెండు జట్లకూ, చివరిదాకా ఒకటే జోన్ ఉండాలి.

"ఫౌల్" అనే ముందు

కొత్త అంపైర్ల నోటి నుంచి తొందరగా జారే మాట "ఫౌల్". ఆ మాట గట్టిగా అంటే ఆట అక్కడికి ఆగిపోయినట్టే. తర్వాత బంతి లైను మీద పడిందని తెలిసినా, పరిగెత్తిన వాళ్లు పరిగెత్తినట్టు లెక్కించలేరు. అందుకే బంతి వెంట లైను మీదుగా చూసి, ఖాయమయ్యాకే అరవాలి.

గుర్తుంచుకోవాల్సినవి: లైను ఫెయిర్‌లో భాగమే, హోమ్ ప్లేట్ కూడా అంతే. చూడాల్సింది బంతి ఎక్కడుందో, ఫీల్డర్ కాళ్లు ఎక్కడున్నాయో కాదు. ఫెయిర్ బంతికి చేత్తో మైదానం వైపు చూపిస్తే చాలు, "ఫెయిర్" అని అరవకూడదు. అరిస్తే "ఫౌల్" అన్నారేమో అనుకుని ఆటగాళ్లు ఆగిపోతారు.

బేసుల దగ్గర

బేసుల మధ్య దూరం 60 అడుగులు. నేలబంతికి ఫస్ట్ బేస్ దగ్గర తేడా రెప్పపాటు కాలం ఉంటుంది. అక్కడ ఒక పాత చిట్కా ఉంది: కళ్లు బేస్ మీద, కాలి మీద పెట్టాలి, చెవి గ్లవ్‌కు ఇవ్వాలి. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు ముందా, కాలు బేస్‌ను తాకడం ముందా అన్నది ఇలాగే తెలుస్తుంది. ఎగిరే బంతి వెంట తల తిప్పితే రెండూ పోతాయి.

ఫోర్స్ ప్లే అయితే కొంచెం దూరంగా, విసిరే దిశకు అడ్డంగా నిలబడాలి. ట్యాగ్ ప్లే అయితే దగ్గరికి వెళ్లి, గ్లవ్‌కూ రన్నర్‌కూ మధ్య సందు కనిపించే వైపు చేరాలి. పరిగెత్తుతూ చెప్పిన నిర్ణయం కన్నా, రెండడుగులు దూరమైనా నిలబడి చెప్పిన నిర్ణయమే మేలు. ట్యాగ్ చేశాక బంతి చేతిలోనే ఉందా, జారిందా చూసుకోవాలి. "అవుట్" అన్నాక బంతి నేల మీద దొర్లితే పరువు పోయేది అంపైర్‌దే.

తడబడే రెండు రూల్స్

తొలి మ్యాచ్‌కు ముందు రెండు రూల్స్ బట్టీ పట్టినట్టు రావాలి. ఒకటి ఇన్‌ఫీల్డ్ ఫ్లై. ఇద్దరి కన్నా తక్కువ మంది అవుటై, ఫస్ట్, సెకండ్ బేసుల్లో లేదా మూడు బేసుల్లోనూ రన్నర్లున్నప్పుడు, ఇన్‌ఫీల్డర్ సులువుగా పట్టగలిగే ఫెయిర్ బంతి గాల్లోకి లేస్తే బ్యాటర్ అవుట్. ఆ క్యాచ్ కావాలని వదిలేసి, ఇద్దరిని అవుట్ చేసే గడుసుతనాన్ని ఆపడానికే ఈ రూల్. బంట్‌కూ, సూటిగా దూసుకెళ్లే బంతికీ ఇది వర్తించదు.

రెండోది క్యాచర్ వదిలేసిన మూడో స్ట్రైక్. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా అప్పటికే ఇద్దరు అవుటైతే, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరిగెత్తొచ్చు. ఫస్ట్ బేస్‌లో మనిషి ఉండి, ఇద్దరి కన్నా తక్కువ అవుటైతే బ్యాటర్ అవుటే. ప్రతి బ్యాటర్ వచ్చినప్పుడూ "ఎందరు అవుట్, ఎవరు ఎక్కడ" అని అంపైర్ తనలో తాను చెప్పుకుంటే ఈ రెండు చోట్లా తడబాటు ఉండదు.

కోచ్ వాదనకు వస్తే

కోచ్ నిర్ణయం గురించి మర్యాదగా అడిగితే మర్యాదగానే, రెండు ముక్కల్లో చెప్పాలి: "సార్, గ్లవ్ కన్నా కాలు ముందొచ్చింది." అంతకు మించి వాదన పెంచొద్దు. కంటితో చూసి ఇచ్చిన నిర్ణయం మీద ప్రొటెస్ట్ ఉండదు. రూల్‌నే తప్పుగా వాడితే మాత్రం ప్రొటెస్ట్ చేసే హక్కు కోచ్‌కు ఉంది. అప్పుడు పంతం పట్టకుండా తోటి అంపైర్‌ను పక్కకు పిలిచి మాట్లాడుకోవాలి. తాను చూడలేనిది తోటి అంపైర్ చూశాడేమో అడగడంలో నామోషీ లేదు. అడగకుండానే తోటి అంపైర్ నిర్ణయాన్ని మార్చడం మాత్రం తప్పు.

ఒకసారి పొరపాటు జరిగిందని దాన్ని సరిచేయడానికి రెండో జట్టుకు ఇంకో తప్పు నిర్ణయం ఇవ్వకూడదు. అలా చేస్తే తప్పు ఒకటి కాస్తా రెండవుతుంది.

ఇంట్లో వాళ్ల వంతు

అంపైర్ ఎక్కువగా నేర్చుకునేది మైదానంలోనే. కానీ గట్టు మీద నుంచి తిట్లు పడితే, పదహారేళ్ల పిల్ల మళ్లీ మాస్క్ పెట్టుకోదు. మన పిల్ల ఆడుతుంటే గొంతు లేవడం సహజమే. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలవొచ్చు. అంపైర్‌ను మాత్రం వదిలేయాలి. ఆ మాస్క్ వెనక ఉన్నది కూడా ఒకరి బిడ్డే.

అంపైరింగ్ నేర్చుకుంటానని ఇంట్లో అమ్మాయి అడిగితే, ముందు చిన్న పిల్లల మ్యాచ్‌ల్లో బేస్ అంపైర్‌గా మొదలుపెట్టించడం మంచిది. బట్టలు నిండుగానే ఉంటాయి: చొక్కా, పొడవు ప్యాంటు, టోపీ. స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయి, మాస్క్ పట్టీ జారకుండా కూర్చుంటుందో లేదో ఇంట్లోనే పెట్టి చూసుకోవాలి, నిర్వాహకులకు ముందే ఓ మాట చెప్పాలి. ఎండాకాలం ప్యాడ్ల కింద ఒళ్లు ఉడికిపోతుంది, ఇన్నింగ్స్‌కూ ఇన్నింగ్స్‌కూ మధ్య రెండు గుక్కల నీళ్లు తాగాలి.

1887లో షికాగోలో ఒక హాల్లో సరదాగా మొదలైన ఈ ఆట 1996లో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మధ్యలో తీసేసినా, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మళ్లీ ఉంటుంది. బ్యాట్ బలంగా తిప్పలేని వాళ్లకు, వేగంగా పరిగెత్తలేని వాళ్లకు కూడా ఈ ఆటలో ఒక గౌరవమైన చోటుంది. రూల్ బుక్ ఒకటి సంపాదించి, రోజుకు రెండు పేజీలు చదివి, వచ్చే ఆదివారం ఏదైనా ప్రాక్టీస్ మ్యాచ్‌కు వెళ్లి క్యాచర్ వెనక వల చాటున నిలబడి, ప్రతి బంతికీ మనసులోనే స్ట్రైకో, బాలో చెప్పుకుంటే చాలు. అంపైర్ శిక్షణ అక్కడే మొదలైపోతుంది.