నల్లగొండ తొలి లోక్‌సభ సభ్యులు రావి నారాయణరెడ్డిగారు

ఎన్నికల ఫలితాలు రేడియోలో వింటున్నప్పుడు గెలిచినవారి పేరు గుర్తుంచుకొంటాము. వచ్చిన ఓట్ల సంఖ్యను మరునాటికే మరచిపోతాము. 1952 నాటి ప్రథమ సాధారణ ఎన్నికలలో నల్లగొండ నుండి వెలువడిన ఒక సంఖ్య మాత్రం అట్లు మరుగున పడలేదు. రావి నారాయణరెడ్డిగారికి వచ్చిన ఓట్లు 3,09,162. దేశం మొత్తంమీద లోక్‌సభకు నిలిచినవారిలో మరెవ్వరికీ అన్ని రాలేదు. ప్రధాని నెహ్రూగారికి లభించినవి 2,33,571.

ఈ సంఖ్య వెనుక ఒక ఏర్పాటున్నది. నల్లగొండ నాడు ద్విసభ్య నియోజకవర్గం. రెండు స్థానాలలో ఒకటి హరిజనులకు ప్రత్యేకింపబడినది. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండింటినీ ఒకరికే వేయరాదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెమీద గుర్తు. అక్షరం రానివారు సైతం గుర్తు చూచి చీటీ వేసినారు. రెండవ స్థానంలో సుంకం అచ్చాలుగారు గెలుపొందినారు. నెహ్రూగారి నియోజకవర్గం కూడ ద్విసభ్యమే గనుక పోలిక అన్యాయమైనది కాదు. బ్రిటిష్ పార్లమెంటులోనూ ఇట్టి స్థానాలుండేవి. అక్కడ 1950 ఎన్నికలతో అవి అంతరించినవి. మన దేశంలో హరిజన ప్రాతినిధ్యం కొరకు 1961 వరకు నిలిచినవి.

నారాయణరెడ్డిగారు 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామ్య కుటుంబంలో జన్మించినారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహపు తొలి జట్టులో చేరి నిర్బంధింపబడినారు. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలకు అధ్యక్షత వహించినారు. పట్టణాల విద్యావంతుల సభగా ఆరంభమైన ఆ సంస్థ వెట్టిచాకిరి, బేదఖళ్ళు అనుభవించే రైతుకూలీలకు సంఘమైనది. పల్లెలలో దానిని ‘సంగం’ అనే పిలిచేవారు. భువనగిరి సభతో మితవాదులు వేరైపోయినారు.

1947 సెప్టెంబరు 11న నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన మువ్వురిలో ఆయన ఒకరు. తక్కిన ఇరువురు బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌గారలు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసినది. అటుపై ఆయుధాలు దించవలెనా, వద్దా? కొనసాగించవలెనన్నది నాటి పార్టీ నిర్ణయం. విరమించవలెనని నారాయణరెడ్డిగారు వాదించినారు. ఎందరినో పోరాటానికి పిలిచిన మనిషి ఆ మాట అనడం తేలికైన పని కాదు; సహచరుల నిష్ఠురాలను భరించవలసి వచ్చినది. నా దృష్టిలో ఆయన జీవితంలోని అన్ని పదవులకంటె ఈ ఘట్టమే పరిశీలింపదగినది. చివరకు 1951 అక్టోబరులో పోరాటం విరమింపబడినది.

కొద్ది నెలలకే ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై ఇంకను నిషేధమున్నందున వారి అభ్యర్థులు ప్రజాతంత్ర కూటమి పేర నిలిచినారు. లోక్‌సభలో ఆ కూటమికి 7 స్థానాలు వచ్చినవి. నిన్నటి వరకు దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడచిన పల్లె ప్రజలు, మొదటిసారిగా దొరతో సమానమైన ఓటు వేసినారు.

ఆయన 1957లో భువనగిరి నుండి శాసనసభకు, 1962లో మరల నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. ‘వీర తెలంగాణ’ అనే పేర స్వీయానుభవాలను గ్రంథస్థం చేసినారు. 1991 సెప్టెంబరు 7న కన్నుమూసినారు. ఆ మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించినది.