హరిత పన్ను (ఆంధ్రప్రదేశ్)

హరిత పన్ను అనగా నిర్ణీత వయస్సు దాటిన మోటారు వాహనాలపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విధించే అదనపు పన్ను. వాడుకలో దీనిని గ్రీన్ ట్యాక్స్ అంటారు. వాహనాల పొగ వలన కలిగే వాయు కాలుష్యాన్ని తగ్గించుట, పాత వాహనాల వాడకాన్ని నిరుత్సాహపరచుట దీని ఉద్దేశ్యాలు. లండన్ వంటి నగరాలలో వలె, నగరంలో తిరిగిన ప్రతి రోజుకూ కార్ల నుండి కాలుష్య రుసుము వసూలు చేసే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఇక్కడ సొంత కారుపై పన్నుకు ఆధారం అది తిరిగే చోటు గాని, వదిలే పొగ గాని కాదు; దాని వయస్సు. కావున విజయవాడలో తిరిగే కారుకూ, పల్నాడు జిల్లాలోని మాచర్ల, గురజాల పట్టణాలలో తిరిగే అదే వయస్సు కారుకూ పన్ను సమానమే. వాహనం పాతబడిన తరువాత విధించబడే పన్ను కాబట్టి దీని భారం ముఖ్యంగా పాత కార్లు కొనేవారిపై పడుతుంది.

చరిత్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పన్ను 2006లో ప్రవేశపెట్టబడింది. దీనికి ఆధారం 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం. అప్పటి రేట్లు స్వల్పంగా ఉండేవి. ఏడేళ్ళు దాటిన రవాణా వాహనాలకు ఏడాదికి 200 రూపాయలు, పదిహేనేళ్ళు దాటిన సొంత వాహనాలలో మోటారు సైకిళ్ళకు ఐదేళ్ళకు 250 రూపాయలు, కార్లకు 500 రూపాయలు ఉండేది. 2021 నవంబరులో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించి ఈ రేట్లను బాగా పెంచింది. అదే సవరణలో కొత్త వాహనాల జీవితకాల పన్ను కూడా పెరిగింది.

సొంత వాహనాల రేట్లు

2021 సవరణ ప్రకారం సొంత వాహనాలకు హరిత పన్ను ఈ విధంగా నిర్ణయించబడింది:

* 15 నుండి 20 ఏళ్ళ మోటారు సైకిళ్ళు - 2,000 రూపాయలు
* 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిళ్ళు - 5,000 రూపాయలు
* 15 నుండి 20 ఏళ్ళ కార్లు, ఇతర సొంత వాహనాలు - 5,000 రూపాయలు
* 20 ఏళ్ళు దాటిన కార్లు, ఇతర సొంత వాహనాలు - 10,000 రూపాయలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం యొక్క రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత ఫారం 25 ద్వారా దరఖాస్తు చేసి, వాహనాన్ని తనిఖీకి చూపించి, ఐదేళ్ళకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. హరిత పన్ను ఆ సందర్భంలోనే చెల్లించవలసి వస్తుంది.

పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వ రుసుము వేరుగా ఉన్నది. కార్లకు 600 రూపాయలుగా ఉన్న ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు దీనిని 10,000 రూపాయలకు పెంచారు. రెండూ కలిపితే పదహారేళ్ళ కారుకు ఐదేళ్ళకు 10,000 రూపాయలు, ఇరవై ఏళ్ళు దాటిన కారుకు 20,000 రూపాయలు అవుతుంది. బీమా, కాలుష్య ధ్రువపత్రం, తనిఖీకి ముందు చేయించే మరమ్మతుల ఖర్చు ఇందులో చేరలేదు.

పాత కార్ల ధరపై ప్రభావం

హరిత పన్ను వాహనం యొక్క విలువలో ఇంత శాతం అని కాక, స్థిరమైన మొత్తంగా ఉన్నది. పదహారేళ్ళ చిన్న కారు లక్ష రూపాయలకు దొరికితే, పన్నూ రుసుమూ కలిసి దాని ధరలో పదో వంతు అవుతాయి. అదే వయస్సు గల ఖరీదైన కారు పది లక్షలు పలికినా చెల్లించేది అంతే. అది ధరలో నూరో వంతు మాత్రమే. కారు ఎంత చవకదైతే భారం అంత ఎక్కువ అన్నమాట.

ఈ భారం పదిహేనో ఏడు రాకముందే ధరలో కనబడుతుంది. పద్నాలుగేళ్ళు నిండిన కారును కొనేవారు, మరుసటి ఏడు తాము చెల్లించవలసిన మొత్తాన్ని ముందే లెక్కగట్టి బేరమాడతారు. అమ్మేవారు ఆ మేరకు ధర తగ్గిస్తే భారం వారిది, లేకుంటే కొన్నవారిది. రిజిస్ట్రేషను పునరుద్ధరించి అమ్మిన కారుకు మిగిలిన గడువును బట్టి విలువ పెరుగుతుంది. కావున పాత కారు కొనేటప్పుడు కిలోమీటర్లతో పాటు ఆర్.సి. గడువు తేదీని చూడటం అవసరం.

వస్తు సేవల పన్ను ప్రభావం కూడా ఉన్నది. నమోదైన వ్యాపారులు పాత కార్లపై పొందే లాభానికి 2025 జనవరి నుండి 18 శాతం పన్ను వర్తిస్తుంది. వ్యక్తులు తమలో తాము జరుపుకొనే అమ్మకాలకు ఇది వర్తించదు. 2025 సెప్టెంబరు 22 నుండి కొత్త చిన్న కార్లపై పన్ను 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా దిగుతుంది. ఇది కొనేవారికి మేలు, అమ్మేవారికి నష్టం.

పల్నాడు జిల్లాలో

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. అంతకు ముందు ఇది గుంటూరు జిల్లాలో భాగం. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం క్రింద రాష్ట్రంలో ఎంపికైన 13 నగరాలలో గుంటూరు, విజయవాడ ఉన్నాయి గాని, పల్నాడు జిల్లా పట్టణమేదీ లేదు. అయినను పన్నులో తేడా లేదు. మిరప, పత్తి పండించే ఈ ప్రాంతంలో పంట చేతికొచ్చిన ఏడు పాత కారు కొనుక్కొనే కుటుంబానికి, పంట పోయిన ఏడు పునరుద్ధరణ గడువు వస్తే 10,000 రూపాయలు చిన్న మొత్తం కాదు.

సున్నపురాయి, సిమెంటు పరిశ్రమలు గల పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతాలలో లారీల రాకపోకలు ఎక్కువ. లారీలకు 2021 సవరణ హరిత పన్నును త్రైమాసిక పన్నుతో ముడిపెట్టింది. దీనితో 200 రూపాయలు కట్టినచోట వేల రూపాయలు కట్టవలసి రావడంతో లారీ యజమానుల సంఘాలు నిరసన తెలిపాయి. 2025లో ప్రభుత్వం దీనిని ఏడు నుండి పన్నెండేళ్ళ వాహనాలకు ఏడాదికి 1,500, ఆపైన 3,000 రూపాయలకు తగ్గించింది.

హైదరాబాదు నుండి తెచ్చే కార్లు

తెలంగాణలో నమోదైన కారును కొని పల్నాడుకు తెచ్చుకొంటే, అక్కడి రవాణా శాఖ నుండి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వాహనం పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే కొత్త రిజిస్ట్రేషను సంఖ్య తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో వాహనపు వయస్సును బట్టి జీవితకాల పన్ను మరల కట్టాలి. ఈ ఖర్చును కలుపుకోకుండా నగరంలో ధర తక్కువ అని కొన్న కారు చివరకు ఖరీదు కావచ్చును.

వయస్సు, ఉద్గారాలు

వయస్సును బట్టి పన్ను వేయడం వసూలుకు సులభం. కాని ఒకే వయస్సు గల వాహనాలన్నీ ఒకే విధంగా కాలుష్యం వెదజల్లవు. భారత్ స్టేజ్-3 ప్రమాణాలు హైదరాబాదుతో సహా కొన్ని పెద్ద నగరాలలో 2005లో అమలులోకి రాగా, గుంటూరుతో సహా మిగిలిన ప్రాంతాలకు 2010లో వచ్చాయి. భారత్ స్టేజ్-4 ఆ నగరాలకు 2010లో, దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న వచ్చింది. కావున 2009లో హైదరాబాదులో అమ్మిన కారుకు వర్తించిన ప్రమాణం, అదే ఏడు గుంటూరులో అమ్మిన కారుకు వర్తించిన దానికంటె కఠినమైనది. హరిత పన్ను మాత్రం రెండింటికీ ఒకటే. ఏడాదికి కొద్ది సార్లు గుంటూరు ఆసుపత్రికి వెళ్ళివచ్చే కారుకూ, రోజూ తిరిగే కారుకూ కూడా పన్నులో తేడా లేదు.

ఇతర నగరాలలో

లండన్‌లో 2019 ఏప్రిల్ 8న మొదలైన అతి తక్కువ ఉద్గారాల మండలం 2023 ఆగస్టు 29న నగరమంతటికీ విస్తరించింది. ప్రమాణాలకు తగని కారు తిరిగిన రోజుకు 12.50 పౌండ్లు చెల్లించాలి. పెట్రోలు కార్లకు యూరో-4, డీజిల్ కార్లకు యూరో-6 ప్రమాణం కావడంతో, 2006 నాటి పెట్రోలు కారు చాలావరకు రుసుము లేకుండా తిరగగలదు. 2012 నాటి డీజిల్ కారు సాధారణంగా తిరగలేదు. పాత కార్లను తుక్కుకు ఇచ్చినవారికి నగర పాలన 2,000 పౌండ్ల వరకు సహాయం అందించింది.

ఢిల్లీలో పన్నుకు బదులు నిషేధమే వచ్చింది. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2025 డిసెంబరులో అదే న్యాయస్థానం భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల వాహనాలపై కేవలం వయస్సు కారణంగా కఠిన చర్యలు తీసుకోరాదని పేర్కొన్నది. దీనితో అక్కడ వయస్సుతో పాటు ఉద్గార ప్రమాణం కూడా లెక్కలోకి వచ్చింది.

తుక్కు రాయితీ

కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రంలో పాత వాహనాన్ని తుక్కుకు ఇచ్చినవారికి డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దానితో కొత్త సొంత వాహనం కొంటే వాహన పన్నులో 25 శాతం వరకు రాష్ట్రాలు రాయితీ ఇవ్వవచ్చును. ఆ పత్రాన్ని మరొకరికి అమ్ముకొనవచ్చును. అయితే రాయితీ కొత్త వాహనానికే గనుక, ఒక పాత కారు వదలి మరొక పాత కారు కొనేవారికి పత్రం అమ్మగా వచ్చిన సొమ్ము తప్ప వేరే ప్రయోజనం ఉండదు.

ఇవి కూడా చూడండి

* పల్నాడు జిల్లా
* వాయు కాలుష్యం
* భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాలు